సత్యం సార్ చూడని గుడి

కాదు, నేను ఒప్పుకోను. గ్రూపులో పద్నాలుగు మంది కలిసి చెప్పినా ఒప్పుకోను. "సత్యం సార్‌ని ఆ గుడి చూడనివ్వకుండా చేసింది మన శ్రావణే కదా" అని ఒకడు పెట్టడం, మిగతావాళ్ళంతా కిందపడి దొర్లే బొమ్మలు పెట్టడం! హైదరాబాదులో మా ఆఫీసు క్యాంటీన్‌లో దోసె ముందు పెట్టుకుని జవాబులు టైపు చేస్తూ కూర్చున్నాను. దోసె అట్టముక్క అయిపోయింది, నా కోపం మాత్రం చల్లారలేదు. అసలు గొడవెక్కడ మొదలైందంటే, సార్ వచ్చే నెల రిటైరవుతున్నారు. అనకాపల్లిలో మా బడివాళ్ళు సన్మానం పెట్టారు. పాత విద్యార్థుల తరఫున ఎవరు మాట్లాడాలి అని చర్చ వచ్చింది. నేను మాట్లాడతానన్నాను. అంతే, ఒకమ్మాయి ఏమందో తెలుసా? "నువ్వు మాట్లాడకపోతే బాగుంటుందేమో, ఆయనకి బాధ గుర్తొస్తుంది" అంది. పైగా ఆ మెసేజికి చివర దణ్ణం బొమ్మ ఒకటి. అందుకే మొత్తం రాస్తున్నాను. చదివి తీర్పు మీరే చెప్పండి.

నేను పుట్టి పెరిగింది హైదరాబాదులో. అమ్మకి బ్యాంకులో అనకాపల్లి బ్రాంచికి బదిలీ అయితే, తొమ్మిదో తరగతిలో నన్ను మోసుకొచ్చి తాతగారింట్లో పడేశారు. నాకు తెలిసిన ఊళ్ళో వాసనలంటే పెట్రోలూ, బిర్యానీ. తాతింట్లో వాసనే వేరు. తాత బెల్లం వండే మనిషి. కొండకర్ల వైపు చెరుకు తోటల్లో సీజనంతా ఆయన చెరుకు రసం కాగే పెనం దగ్గరే. ఇంటికొచ్చి ఎన్ని చెంబులు వేడినీళ్ళు పోసుకున్నా పొగ వాసన, కమ్మటి కాలిన తీపి వాసన ఆయన చెవుల వెనక నుంచి పోయేది కాదు. ఆయన తుడుచుకున్న తువ్వాలుకి చీమలు పట్టేవి. నిజం. తాడు మీద ఆరేసిన తువ్వాలుకి చీమల బారు! అమ్మమ్మ పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి జావ, కాచి గ్లాసు పక్కన బెల్లం ముక్క పెట్టేది. తాత ఆ ముక్కని తినేముందు రెండు వేళ్ళతో విరిచి, విరిగిన చప్పుడు వినేవాడు. నచ్చితే తల ఊపేవాడు. నచ్చకపోతే ఎవరు వండారో, ఏ తోటలో వండారో, ఆ రోజు పెనం దగ్గర ఎవడు కునికిపాట్లు పడ్డాడో చెప్పేవాడు. చుట్టాలింటికెళ్ళి కూడా ఇదే పని. పెళ్ళివారు పెట్టిన బూరెని చీల్చి, లోపల పూర్ణం చూసి, "పాకం తొందరపడ్డారు" అని పెళ్ళికొడుకు తండ్రికే చెప్పొచ్చిన మనిషి. సీరియల్లో అత్తాకోడళ్ళు కొట్టుకుంటుంటే కూడా "పాకం ముదిరిపోనాది, ఇంక ఇరుగుద్ది" అనేవాడు.

మా బడి ప్రిన్సిపాల్‌కి ఆ ఏడాది ఓ ఆలోచన వచ్చింది. పిల్లల్ని కంబోడియా తీసుకెళ్ళి చరిత్ర చూపించాలి, పనిలో పనిగా వృత్తులు కూడా నేర్పించాలి. ఒకే టికెట్టు మీద రెండూ. అందుకని ఓ పద్ధతి పెట్టారు. వెళ్ళబోయే ప్రతి పిల్లా ముందు మన ఊళ్ళో ఏదో ఒక పని దగ్గర వారం రోజులు కూర్చోవాలి. తర్వాత ఆ దేశంలో అదే పని ఎలా చేస్తారో పూట సేపు చూసి, తేడాలు నోటుబుక్కులో రాయాలి. కొందరు బేకరీ తీసుకున్నారు, కొందరు దర్జీ కొట్టు. నేను బ్యాంకు అన్నాను, ఏసీ ఉంటుందని. అమ్మ కుదరదంది. చివరికి నేనూ, దేవరాపల్లి నుంచి వచ్చే నాయుడుబాబూ మా తాత పెనం దగ్గర తేలాం. వాళ్ళది చెరుకు పండించే ఇల్లు. వాడికి ఈ వారం సెలవులాంటిది. నాకు శిక్ష.

మొదటి రోజు తాత పొయ్యిలోకి పిప్పి ఎగదోయిస్తూ, తెట్టు తీయిస్తూ, పాకం వచ్చిందని పెనం దించేటప్పటికి నేను ఫోన్లో టైము చూసి రాసుకున్నాను. రెండో రోజు టైమర్ పెట్టాను. తాత "దించండ్రా" అనేసరికి నా ఫోన్లో ఇంకా పదకొండు నిమిషాలున్నాయి.

"తాతా, ఇంకా టైముంది, దించకు!"

తాత నన్ను చూశాడు, ఫోన్ని చూశాడు. "నీ ఫోనుకి ముక్కుందేటే?"

"ముక్కెందుకు?"

"ఆసన సూడ్డానికి. ముక్కు లేనోడు సెప్తే నాను పెనం ఆపుతానేటి? తప్పుకో, కాలతాది."

ఆ రోజు పెనం నా టైమర్ కంటే ముందే దిగింది. బెల్లం దిమ్మ అద్దంలా వచ్చింది. నేను రెండు రోజులు తాతతో మాట్లాడలేదు. అయిదో రోజుకి నాకే పౌరుషం వచ్చింది. ఫోన్ జేబులో పెట్టి, నీళ్ళ పళ్ళెంలో పాకం చుక్క వేయడం, వేళ్ళతో ఉండ చేయడం, ఆ ఉండని పళ్ళేనికేసి కొడితే టంగుమని మోగుతుందా లేదా వినడం, అన్నీ పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆఖరి రోజు పాకం వచ్చిందని తాత కంటే అరక్షణం ముందు నేనే అరిచాను. తాత నోటుబుక్కులో సంతకం పెడుతూ, "ఈ గుంట ఇంక ఏ పెనం కాడైనా బతికేత్తది" అన్నాడు. నన్ను పాడుచేసింది ఆ మాటే. పద్నాలుగేళ్ళ పిల్లకి అలాంటి మాట చెప్పి దేశం దాటించకూడదు.

ఇప్పుడు సత్యం సార్. మాకు సోషల్ చెప్పేవారు. ఎస్. రాయవరం దగ్గర చెరుకు రైతుల ఇంట్లో పుట్టి, ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి కంబోడియా గుడి గురించి చెబుతున్న మనిషి. పుస్తకంలో ఆ గుడి గురించి ఉన్నది నాలుగు లైన్లు. సార్ దాన్ని నాలుగు రోజులు చెప్పేవారు. పుస్తకం చూడకుండా బోర్డు మీద అయిదు గోపురాలు గీసేవారు, చుట్టూ కందకం గీసేవారు, సూర్యుడు ఎటు దిగుతాడో సుద్దముక్కతో బాణం వేసేవారు. ఆయన అప్పటిదాకా విమానం ఎక్కలేదు. మా పదిహేను మంది పిల్లలకంటే ఎక్కువ వణికింది ఆయనే. విమానం లేస్తుంటే పక్క సీట్లో ఉన్న నాయుడుబాబు చెయ్యి పట్టుకున్నారట. వాడు ఇప్పటికీ ఆ గోళ్ళ గుర్తులు చూపిస్తాడు. పెద్ద గుడికి ఆఖరి రోజు మధ్యాహ్నం అని ప్రోగ్రాం వేశారు. ఆ రోజు కోసం సార్ ఒక తెల్ల ఫుల్ చేతుల చొక్కా తెచ్చుకున్నారు. ఇస్త్రీ నలగకుండా హోటల్లో పరుపు కింద పెట్టి పడుకునేవారు. గుడి ముందు నిలబడి సార్ పాఠం చెప్పాలి, నేను ఫోన్లో వీడియో తీయాలి, వార్షికోత్సవంలో అందరికీ చూపించాలి. అదీ ఏర్పాటు.

ఆఖరి రోజు మధ్యాహ్నం, గుడికి వెళ్ళే దారిలో మా బెల్లం పని మిగిలింది. అక్కడ చెరుకుతో కాదు, తాటి నీరా కాచి బెల్లం చేస్తారు. రోడ్డు పక్కన తాటాకు పందిరి, మట్టి పొయ్యి మీద పెద్ద పెనం, వెదురు గొట్టాల్లో నీరా. ఓ యాభై ఏళ్ళావిడ తలకి గళ్ళ తువ్వాలు చుట్టుకుని కలుపుతోంది. నాయుడుబాబు బస్సు దిగుతూనే "అత్తా, బాగున్నావా?" అన్నాడు. ఆవిడకేం అర్థమైందో గానీ నవ్వింది. మా గైడు ఇంగ్లీషులోకి మార్చి చెబుతున్నాడు, మేం రాసుకుంటున్నాం. అంతా పద్ధతిగానే ఉంది. ఇంతలో ఆవిడ పాకం పల్చగా ఉండగానే పెనాన్ని పొయ్యి మీంచి దించేసింది.

నా వాటర్ బాటిల్ మూతలో నీళ్ళు పోసి చుక్క వేశాను. ఉండ కట్టలేదు, కరిగిపోయింది.

"సార్! పాకం రాలేదు సార్! తొందరపడి దించేశారు!"

నాయుడుబాబు వేలు ముంచి నాకి చూశాడు. "అవునండి. ఓలత్తా, ఏటి దించేసినావు? ఎక్కించు, ఎక్కించు!"

సార్ నోటుబుక్కు పక్కన పెట్టి వచ్చారు. పెనంలోకి వంగి చూశారు. ఇరవయ్యేళ్ళ సోషల్ మేష్టారు ఒక్క క్షణంలో మాయమై, చెరుకు తోటలో పెరిగిన మనిషి బయటికొచ్చాడు. "ఇదేటిది, జావలాగున్నాది! ఇది ఇప్పుడు దించేత్తే దిమ్మ కడతాదేటి? గైడు బాబూ, మళ్ళీ పొయ్యెక్కించమని సెప్పు. మంట నేను సూసుకుంటాను." తెల్ల చొక్కా చేతులు మోచేతులదాకా మడిచేశారు.

ఆవిడ మమ్మల్ని ముగ్గుర్నీ మార్చి మార్చి చూసింది. గైడుతో ఏదో అంది. గైడు మాది బెల్లం ఊరని గొప్పగా చెప్పినట్టున్నాడు. పాపం, దూరం నుంచి వచ్చిన నిపుణులనుకుందో ఏమో, ఎక్కించింది. మా ఆనందం చూడాలి! సార్ పొయ్యిలో కర్రలు ఎగదోశారు, నాయుడుబాబు తెడ్డు అందుకున్నాడు, నేను బాటిల్ మూత పట్టుకుని పర్యవేక్షణ. ఓ పది నిమిషాలు. ముందు వాసన మారింది. తర్వాత నురగ దిగిపోయింది. తర్వాత రంగు తేనె నుంచి తారులోకి దూకింది. "దించండి దించండి" అని నేను అరిచేసరికి ఆలస్యమైపోయింది. నాయుడుబాబు భయపడి తెడ్డు వదిలేశాడు. తెడ్డు పడలేదు. పెనం మధ్యలో నిటారుగా అలాగే నిలబడిపోయింది.

ఆవిడ మెల్లగా ఏదో అంది. గైడు నేల చూపులు చూస్తున్నాడు. సార్ రెండుసార్లు అడిగితే చెప్పాడు: పొద్దున్నే వాళ్ళాయన చెట్లెక్కి దింపిన నీరాలో సగం అదేనట.

నాకు కంగారొస్తే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. తాతకి వీడియో కాల్ చేశాను. తాత వీడియో కాల్‌లో కూడా ఫోన్ చెవికి ఆనించుకునే మాట్లాడతాడు కాబట్టి, తెర నిండా ఆయన చెవి, అందులో తెల్ల వెంట్రుకలు కనబడ్డాయి.

"ఏటే, గుడి సూసేవా?"

"తాతా, ఫోన్ ముందుకి పెట్టు. ఇటు చూడు."

పెనం చూపించాను. తాత తెరని ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు. "ఎవులు సేసేరే ఈ పని?"

"నేనూ, నాయుడుబాబూ... సార్ కూడా."

"ఓలమ్మ ఓలమ్మ! అది తాటి పాకమే గుంటా! సెరుక్కి సూసినట్టు తాటికి సూత్తే మాడిపోదేటి? పల్చగుండగానే దించి, తెడ్డుతో కొట్టి కొట్టి గట్టి సెయ్యాల. మాయమ్మ అలాగే సేసీది."

"మరి నాకెందుకు చెప్పలేదు!" అని నేనే ఎదురు తిరిగాను.

"నువ్వు తాటి పాకం కాడికెల్తావని నాను కలగన్నానేటి? నోరు మూసి ఫోను ఆయమ్మకియ్యి."

ఇచ్చాను. ఆవిడ తెరలోకి చూసింది. తాత రెండు చేతులూ జోడించాడు. జోడించడానికి ఫోన్ కింద పెట్టాడు కాబట్టి ఆవిడకి కనబడింది మా ఇంటి దూలం. అయినా ఎలా అర్థమైందో, ఆవిడ కూడా చేతులు జోడించింది. తర్వాత ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకున్నారు. తాత ఫోన్ మళ్ళీ ఎత్తి, చెయ్యి తిప్పి చూపిస్తే ఆవిడ "ఆ, ఆ" అని తల ఊపి, నావైపు చూసి పకపకా నవ్వింది. నా గురించి వాళ్ళిద్దరికీ పూర్తి అంగీకారం కుదిరింది. పెట్టేసే ముందు తాత నాతో అన్నది ఒక్క మాటే. "ఇంకో పెనం దిగీదాకా అక్కణ్ణుంచి కదిలేవంటే నాకు మొకం సూపించకు. ఆమె సేతికి తెడ్డియ్యకు, నువ్వే కొట్టు."

మాతో వచ్చిన లెక్కల మేడం బస్సు దగ్గర నుంచి కేకేస్తున్నారు. గుడి పాసు ఆ ఒక్క రోజుకే ఉంది. సాయంత్రం గేటు మూసేస్తారు, మర్నాడు పొద్దున్నే విమానం. సార్ జేబులో చెయ్యి పెట్టబోతే ఆవిడ వద్దని, మాడిన పెనం వైపూ, మిగిలిన వెదురు గొట్టాల వైపూ చూపించింది. ఆవిడకి కావల్సింది చేతులు. ఇంకో పెనం అంటే తక్కువలో తక్కువ మూడు గంటలు.

నేను ఉంటానన్నాను. "సార్, మీరు వెళ్ళండి. మేడం నాతో ఉంటారు. వెళ్ళండి సార్!" గట్టిగానే అరిచాను. ఇది గ్రూపులో ఎవరూ రాయరు. నేను వెళ్ళమన్నాను. మూడుసార్లు అన్నాను.

సార్ బస్సు వైపు చూశారు. చొక్కా మీద పడిన నల్లటి మరక వైపు చూసుకున్నారు. "ఎక్కించమన్నది నేను కూడా కదమ్మా" అని పొయ్యి ముందు పీట లాక్కుని కూర్చున్నారు.

"సార్, ఇరవయ్యేళ్ళ నుంచి చెబుతున్నారు, మీరు చూడకపోతే ఎలా?" అన్నారు మేడం. ఆవిడకి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

"మేడం, బేగి బయల్దేరండి. లోపలికెళ్ళాక ఎడమచేతి పక్క చిన్న చెరువుంటుంది. పిల్లల్ని దాని గట్టు మీద నిలబెట్టండి. దారి మధ్యలో నిలబడితే మూడు గోపురాలే కనిపిస్తాయి. చెరువు దగ్గరైతే అయిదూ కనిపిస్తాయి, నీళ్ళలో ఇంకో అయిదు." ఎప్పుడూ అడుగు పెట్టని చోటికి ఆయన వీధి చివర కిరాణా కొట్టుకి చెప్పినట్టు దారి చెప్పారు. బస్సు వెళ్ళిపోయింది, మాకు మాట మార్చడానికి గైడు ఉండిపోయాడు. దుమ్ము తగ్గేదాకా సార్ అటే చూసి, తర్వాత కర్రపుల్లలు విరవడం మొదలుపెట్టారు.

మూడు గంటలు. నాయుడుబాబు పెనం గీకాడు. గీకినదాంట్లో తినగలిగినంత తిన్నాడు కూడా. నేను తెడ్డుతో కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. ఆపితే ఆవిడ నాలిక చప్పరించి "ఊ" అనేది, అచ్చం తాతలాగే. సార్ ఊరికే ఉండలేక బొగ్గుముక్కతో ఓ పాత చెక్క మీద గుడి గీసి, మా గైడుకే పాఠం చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ మంట సర్దుతూ ఓ కంట చూసి, సార్ చేతిలోంచి బొగ్గు లాక్కుని, ఓ పక్క గోడకి చిన్న వాకిలి గీసింది. చిన్నప్పుడు రోజూ పశువులు తోలుకుంటూ అటువైపు నుంచే వెళ్ళేదట. సార్ ముఖం చూడాలి! "ఇరవయ్యేళ్ళుగా తప్పు గీసేనా!" అని తల పట్టుకుని, మళ్ళీ గీసి చూపించి, సరిగ్గా ఉందా అని ఆవిణ్ణి అడిగారు. ఆవిడ ఇంకో రెండు తప్పులు దిద్దింది. మాకు హోంవర్కు దిద్దేటప్పుడు సార్ కూడా అంత నిర్దయగా దిద్దలేదు.

రెండో పెనం చక్కగా దిగింది. ఆటో పట్టుకుని వెళ్ళేసరికి గేటు మూసేశారు. సార్ బతిమాలలేదు. రోడ్డు మీద నిలబడి చూశారు. చెట్లపైన ఏదో కొస కనిపించింది. అది గోపురమని సార్, సెల్‌టవరని నాయుడుబాబు. నేను ఫోన్ తీసి జూమ్ చేయబోతే బ్యాటరీ అయిపోయింది. తాతతో అంతసేపు మాట్లాడాను మరి.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా బడి కొత్త బ్యాచ్ టూరు కాగితం మొన్న గ్రూపులో పెట్టారు. వృత్తి అనుభవానికి నలభై అయిదు నిమిషాలట. చేతులకి తొడుగులు వాళ్ళే ఇస్తారట. పిల్లలు దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, చివర్లో సర్టిఫికెట్టు ఫోన్‌కే వస్తుందట. ఊళ్ళో ముందు వారం రోజులు కూర్చోవడం ఎత్తేశారు. తాతకి మోకాళ్ళు పట్టేశాయి, ఇప్పుడాయన పెనం దగ్గరికి వెళ్ళడం లేదు. ఆ తువ్వాలుకి చీమలూ పట్టడం లేదు. మా బ్యాచ్‌లో గుడి చూసిన పదమూడు మందినీ నేను అడిగాను, ఆ రోజు గుడిలో ఏం చూశారని. తొమ్మిది మంది ఫొటోలు వెతికి చెబుతామన్నారు.

కానీ నాకూ లోపల గుచ్చుకుంటూనే ఉంది, అబద్ధం ఎందుకు? అందుకే పోయిన ఆదివారం అనకాపల్లి వెళ్ళి సార్ ఇంట్లో కూర్చుని, కాఫీ రాకముందే అడిగేశాను. "సార్, ఆ గుడి చూడలేదని మీకు బాధుందా?"

"ఉండదేటమ్మా!" అన్నారు సార్. లేదంటారనుకుని వెళ్ళాను. "వచ్చినాక నెల్లాళ్ళు ఆ పాఠం జోలికెళ్ళలేకపోయేను. బోర్డు మీద మొదటి గోపురం గీసి, చెరిపీసీవోణ్ణి."

"అయితే వాళ్ళన్నది నిజమే సార్. నా వల్లే..."

సార్‌కి కోపం వచ్చింది. నేను ఆయన దగ్గర చదివినన్నాళ్ళూ చూడని కోపం. "నీ వల్లేటి? పొయ్యెగదోసింది నేను కానా? బస్సు నా కళ్ళ ముందు నిలబడుంది. నువ్వు ఎల్లమని అరుస్తున్నావు. ఎల్లనేదు. కూర్చుందామనిపించి కూర్చున్నాను. అది నేను చేసిన పని. అన్నీ నువ్వే చేసేవంటావు, నా పని కూడా నువ్వే పట్టుకుపోతావేటి?"

లోపల్నుంచి వాళ్ళావిడ, "పిల్లని ఎందుకలా కసురుతున్నారు?" అంది. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి అక్కడే టికెట్లు వెతికాను. "సార్, డిసెంబర్లో వెళ్దామా?" అన్నాను. సార్ కళ్ళజోడు పెట్టుకుని తెరలోకి వంగి తేదీలు చూశారు. "రెండ్రోజులు ఎక్కువెట్టు. ముందు ఆవిడ పందిరి కాడికెల్లి, ఓ పూట కూకుని, అప్పుడు గుడికెల్దాం" అన్నారు. ఎందుకని అడగలేదు నేను. మూడు టికెట్లు చూడమన్నారు. మూడోది వాళ్ళావిడకట. నాయుడుబాబు తనది తనే చూసుకుంటాడు.

కాబట్టి గ్రూపులో వాళ్ళకీ, దణ్ణం బొమ్మ పెట్టిన అమ్మాయికీ, ఇది చదువుతున్న మీకూ ఒకటే అడుగుతున్నాను. బస్సు ఇంజను ఆన్‌లో ఉండగా, ఇరవయ్యేళ్ళు కలవరించిన గుడి అరగంట దూరంలో ఉండగా, తనంతట తాను పొయ్యి ముందు పీట లాక్కుని కూర్చున్న మనిషిని పట్టుకుని "పాపం సార్" అంటున్నారే, ఆ చోట మీరుంటే బస్సెక్కేవాళ్ళు కాదని నా కళ్ళలోకి చూసి చెప్పగలరా?